మైనస్ 28లో ఇంగువ పోపు

బయట మైనస్ 28. ఇంట్లో పప్పుకి ఇంగువ పోపు. కాసేపటికి ఆ ఘుమఘుమ వంటింట్లో లేదు, పడగ్గది నేల జాలీలోంచి ధారగా వచ్చి అల్మరాలోని చలికోట్లకు పట్టింది. మర్నాడు ఆఫీసు లిఫ్టులో నా పక్కనున్నాయన ముక్కు పైకెత్తి చూశాడు. ఆయన బేకన్ వాసన మాత్రం అత్తరు కాబోలు!

ఇది బేస్‌మెంట్లో వేలాడే హెచ్‌ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్) చేసిన నిర్వాకం. కెనడాలోని మా రెజైనా చలికి ఇక్కడ ఇంటి గోడల్లో సందన్నది లేకుండా ప్లాస్టిక్ షీటు పరిచేస్తారు. ఇక గాలాడేదెలా? ఈ పెట్టె బాత్రూముల్లోని మురిగిన గాలిని బయటికి తోసి, కొత్త గాలిని లోపలికి లాగుతుంది. పల్చటి పలకల మధ్య ఆ రెండు గాలులూ వేర్వేరు సందుల్లోంచి నడుస్తాయి. పిట్టగోడ మీదుగా కూర గిన్నె అందించుకునే పక్కింటివాళ్లలా, ఒకరింట్లోకి ఒకరు అడుగుపెట్టకుండానే వేడి చేతులు మారుతుంది. లోపల 20, బయట మైనస్ 20 అనుకోండి. నూటికి 75 పాళ్లు వేడిని తిరిగి రాబట్టే యంత్రమైతే, వచ్చే గాలి 10 డిగ్రీలకు చేరుతుంది. గ్యాస్ బిల్లు కట్టేవాడికి దాని విలువ తెలుస్తుంది.

చలి ముదిరితేనే తంటా. బయటికిపోయే గాలిలోని తేమ పలకల మీద మంచు కడుతుంది. అది కరగడానికి మా యంత్రం బయటి దారి మూసేసి ఇంట్లో గాలిని ఇంట్లోనే తిప్పుతుంది. సరిగ్గా అప్పుడే మేం పోపు పెడతాం. పొయ్యి మీది చిమ్నీని దీనికే కలిపేద్దామా అంటే కుదరదు, జిడ్డు పలకలకు పట్టేస్తుంది. విడిగా చిమ్నీ వేస్తే వాసనతోపాటు డబ్బు పోసి కాచుకున్న గాలీ పోతుంది.

ఈ విద్యలో ఈ ఊరిది పెద్ద చెయ్యే. 1977లో హెరాల్డ్ ఆర్ బృందం సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ కట్టింది ఇక్కడే. మందపాటి గోడలు, గాలి చొరని కట్టుబడి, ఇలాంటి వేడి మార్పిడి యంత్రం. ఫర్నేసే లేదు. ఇదే తరహాలో జర్మనీ డార్మ్‌స్టాట్‌లో కట్టిన మొదటి పాసివ్ హౌస్‌లో కాపురాలు మొదలైంది ఆ తర్వాతెప్పుడో, 1991లో. వీళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ మహానుభావుల్లో ఒక్కరైనా ఎండుమిరపకాయలు వేయించి చూశారా?

మా ఊరి ఇంట్లో పైకప్పు దగ్గర వెంటిలేటర్లుండేవి. తాడు లాగితే తెరుచుకునేవి, పిచ్చుకలు గూడు కడితే మూసుకునేవి కావు. అమ్మ మిరపకాయలు వేయిస్తే వీధంతా తుమ్మేది. “ఇవాళ గోంగూరా వదినా?” అంటూ ఎదురింటి అత్తయ్య గిన్నెతో దిగేది. ఎండాకాలం ఆ వెంటిలేటర్లోంచే వడగాలి కొట్టేది, ఆ మాట ఎవరూ ఎత్తరు. మైనస్ 28లో ఆ తాడు లాగితే గోంగూర సంగతి దేవుడెరుగు, కుళాయిలు గడ్డకడతాయి.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో వాతావరణ సూచన చూశాకే వంట. మైనస్ 10 లోపు సాంబారు, వేపుళ్లు. మైనస్ 25 దాటితే పెరుగన్నం, ఆవకాయ. ఎండుచేపలకు మే నెల దాకా ఆగాల్సిందే.