చచ్చినవారు నిలబెట్టిన ఊరు

అట్లాంటా నగరంలో జాక్సన్ వీధి వంతెన మీద సాయంవేళ తరచు కొందరు యాత్రికులు గుమికూడి కనిపిస్తారు. క్రింద విశాలమైన రహదారి, దాని చివర ఆకాశాన్నంటే భవనాలు, వాటి వెనుకకు జారుతున్న సూర్యుడు. దృశ్యం అందమైనదే. కాని ఛాయాచిత్రాలు తీసుకొనేవారిలో అనేకులు చూస్తున్నది ఎదుట ఉన్న నగరాన్ని కాదు. నగరం విడిచి పారిపోబోయి దారిలోనే నిలిచిపోయిన కార్ల బారులు ఒకప్రక్క. మరొకప్రక్క నిర్మానుష్యమైన మార్గంలో గుర్రమెక్కి ఒంటరిగా నగరంలోకి పోతున్న ఒక పోలీసు అధికారి. ఈ చిత్రాన్ని మనసులో పెట్టుకొని వచ్చి, వారు దానిని ఆ రహదారి మీద వెదుక్కుంటారు.

ఆ చిత్రం ‘ది వాకింగ్ డెడ్’ అనే టెలివిజన్ ధారావాహిక తొలి భాగంలోనిది. రాబర్ట్ కర్క్‌మన్ 2003 నుండి వ్రాస్తూ వచ్చిన బొమ్మల కథను ఆధారం చేసుకొని, ఫ్రాంక్ డారబాంట్ రూపకల్పన చేయగా, ఎ.ఎం.సి. అనే కేబుల్ సంస్థ 2010 అక్టోబరు 31న దాని ప్రసారం ప్రారంభించింది. 11 విడతలు, 177 భాగాలు నడిచి 2022 నవంబరు 20న ముగిసింది. ఏదో అంతుపట్టని వ్యాధి సోకి, చనిపోయినవారు లేచి నడుస్తూ, బ్రతికినవారిని పీక్కుతింటూ ఉంటారు. లోకం కూలిపోతుంది. మిగిలిన గుప్పెడు మంది ఎలా బ్రతుకుతారన్నది కథ. ఇట్టి నడిచే పీనుగులను లోకమంతా ‘జాంబీ’లంటున్నా, ఈ కథలోని పాత్రలు ఆ మాట ఎరగరు. వారికి అవి ‘వాకర్లు’; అంటే నడిచేవి, అంతే.

బేతాళ కథలు విని పెరిగిన మనకు శవంతో కాలక్షేపం వింత కాదు. విక్రమార్కుని భుజాన వ్రేలాడే శవం ప్రతి కథ చివరా ఒక చిక్కుప్రశ్న వేసి, జవాబు రాగానే మళ్ళీ చెట్టెక్కేది. అమెరికా శవాలకు మాటలు లేవు గాని ప్రశ్నలు వేయడం మాత్రం వాటికీ తెలుసు. ఆదివారం రాత్రి ప్రశ్న వినడం, తక్కిన ఆరు రోజులూ జవాబు ఊహించడం పన్నెండేళ్ళపాటు లక్షలాది అభిమానులకు వ్యాపకమైంది. ఆ వ్యాపకానికి ఒక చిన్న ఊరు పుణ్యక్షేత్రమైంది.

అట్లాంటాకు దక్షిణంగా సుమారు 35 మైళ్ళ దూరంలో, కొవీటా కౌంటీలో ఉన్నది సెనోయా. ఊరివారు చివరి అచ్చును మింగేసి ‘సెనోయ్’ అంటారు. 1860లో వెలసిన ఈ ఊరు రైలును, పత్తిని నమ్ముకొని పెరిగింది. తరువాత పత్తికాయలను తొలిచే ముక్కుపురుగు జార్జియా సేద్యాన్ని దెబ్బతీసింది. రైలుకు ప్రాధాన్యం తగ్గింది. మెయిన్ స్ట్రీట్‌లోని ఇటుక భవనాలు నిలిచే ఉన్నా, వాటిలోని దుకాణాలు ఒక్కొక్కటిగా తలుపులు మూసుకున్నాయి. ఆదోనిలోనో గుంటూరులోనో మూతపడిన జిన్నింగు మిల్లుల ప్రక్కనుండి నడిచినవారికి ఈ ఊరి పూర్వచరిత్ర వివరించి చెప్పనక్కరలేదు.

ఊరికి ప్రక్కనే ఒక సినిమా స్టూడియో అప్పటికే ఉన్నది. 2008లో జార్జియా ప్రభుత్వం చలనచిత్ర నిర్మాతలకు ఖర్చులో 20 శాతం, చివర రాష్ట్ర చిహ్నాన్ని చూపితే మరో 10 శాతం పన్ను రాయితీ ప్రకటించింది. ధారావాహిక ఆ స్టూడియోకు చేరింది. కథలో ముఖ్యమైన కారాగారాన్ని ఆ ఆవరణలోనే కట్టారు. 2012లో మూడవ విడత వచ్చేసరికి మెయిన్ స్ట్రీట్ మొత్తం ‘వుడ్‌బరీ’గా మారింది. ప్రాణభీతితో చేరినవారందరినీ ‘గవర్నర్’ అనే క్రూరుడు ఏలే పట్టణమది. వీధి కొసలను పాత టైర్లతో, లారీలతో మూసివేసి కోటగోడ కట్టారు. జార్జియాలోనే వుడ్‌బరీ అనే అసలు ఊరు వేరే ఉన్నది. పటం చూసి అక్కడికి పోయిన భక్తునికి గవర్నరూ కనబడడు, గోడా కనబడదు.

ఇంతకంటె విచిత్రమైనది ‘అలెగ్జాండ్రియా’ కథ. అయిదవ విడత నుండి నాయకుడు రిక్ గ్రైమ్స్ బృందం తలదాచుకొన్న కాలనీ అది. ఒకనాటి పత్తి జిన్నింగు మిల్లు స్థలంలో క్రొత్తగా కట్టిన ఇళ్ళను చిత్రీకరణకు ఎంచుకొన్నారు. చుట్టూ ఎత్తయిన ఇనుప రేకుల గోడ లేచింది. అవి వట్టి సెట్టింగులు కావు. వాటిలో మనుష్యులు కాపురముండేవారు. చిత్రీకరణ వేళల్లో వారు తమ రాకపోకలను సర్దుకోవలసి వచ్చేది. పీనుగులు రాకుండా కట్టిన గోడ లోపల మామూలు సంసారులు కూరలు వండుకొంటూ, పిల్లలను బడికి పంపుకొంటూ సంవత్సరాలు గడిపారు. గోడ బయట మాత్రం చచ్చినవారికి బదులు అభిమానులు మూగేవారు.

వీరు కేవలం నటులను చూడవచ్చినవారనుకొంటే పొరబాటు. వారిలో అసలైనవారు ఊహాగాన నిపుణులు. మొదటి విడత చివర, 2010 డిసెంబరులో, అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రంలో ఒక శాస్త్రవేత్త రిక్ చెవిలో ఏదో గుసగుసలాడాడు. ప్రేక్షకులకు వినబడలేదు. అతడేమన్నాడు? ఏడాదికి పైగా వాదించుకొన్నారు. 2012 మార్చిలో జవాబు వచ్చింది: కరిచినా కరవకున్నా వ్యాధి అందరిలోనూ ఉన్నది, ఎవరు ఎలా చచ్చినా లేస్తారు. పాత దృశ్యాలలో కాటు లేకుండానే లేచిన శవాలను లెక్కబెట్టి ఈ సంగతి ముందే పట్టుకొన్న అభిమానులకు అది పండుగ. ఇంత శ్రద్ధగా పాఠ్యాన్ని పరిశీలించే విద్యార్థులు ఏ సాహిత్య తరగతిలోనైనా దొరికితే అధ్యాపకుని జన్మ ధన్యమైనట్లే.

వారి శక్తికి అసలు పరీక్ష 2015లో వచ్చింది. అక్టోబరు 25 రాత్రి ప్రసారమైన భాగంలో గ్లెన్ అనే యువకుడు చెత్తపెట్టె మీద నుండి వాకర్ల గుంపులోకి పడిపోతాడు. అతనితో ఉన్నవాడు తుపాకితో కాల్చుకొని తనతోపాటు అతడినీ పడవేస్తాడు. ప్రేగులు చీల్చడం కనిపిస్తుంది, గ్లెన్ ముఖం కనిపిస్తుంది. మొదటి విడత నుండి ఉన్నవాడు, అందరికీ ఆప్తుడు. ఆ రాత్రి ఎందరో కంటతడి పెట్టారు. మరునాటికి లెక్కలు మొదలయ్యాయి. మీద పడిన శరీరం ఎవరిది? చీలిన పొట్ట గ్లెన్‌దా, మరొకనిదా? కెమెరా పైనుండి ఎందుకు చూపింది? ప్రసారానంతరం జరిగే చర్చా కార్యక్రమంలో చనిపోయిన పాత్రలకు నివాళి అర్పించడం ఆనవాయితీ కదా, ఆ జాబితాలో గ్లెన్ లేడేమి? తరువాతి వారాలలో ప్రారంభ నామావళి నుండి నటుడు స్టీవెన్ యూన్ పేరు మాయమైంది. ఇది సాక్ష్యమా, వల పన్నడమా? పెట్టె క్రిందికి పాకి బ్రతికి ఉంటాడని అభిమానులు తేల్చారు. నవంబరు 22న సరిగ్గా అదే జరిగినట్లు చూపారు.

ఊహ నిజమైంది. అయినా చాలామందికి సంతోషం కలగలేదు. దుఃఖించినవారు తాము మోసపోయామనుకొన్నారు. ఊహించినవారు ఇంత సులువైన పొడుపుకథా అనుకొన్నారు. ఒక మనిషి చావును గారడీగా వాడుకొన్న తరువాత, మరుసటి చావుకు కన్నీళ్ళు అడిగే హక్కు కథకునికి తగ్గుతుంది.

ఈ పాఠం కథకులకు ఎక్కినట్లు లేదు. 2016 ఏప్రిల్ 3న, ఆరవ విడత చివరి భాగంలో, నీగన్ అనే దుర్మార్గుడు 11 మందిని మోకాళ్ళ మీద కూర్చుండబెట్టి, ముళ్ళతీగ చుట్టిన బేస్‌బాల్ బ్యాటుతో ఒకని తల పగులగొడతాడు. ఎవరి తల? కెమెరా హతుని కళ్ళలోనుండి చూసింది కాబట్టి తెలియదు. తెర నల్లబడింది. సమాధానం అక్టోబరు 23న. ‘సశేషం’ చూసి వారం రోజులు వేగిపోయిన మన వారపత్రికల పాఠకులు ఆరున్నర నెలల సశేషాన్ని ఊహించుకోవచ్చు.

2012లో వెలువడిన బొమ్మల కథ నూరవ సంచికలో ఆ బ్యాటు గ్లెన్‌ను చంపింది. కాని టెలివిజన్ మూలాన్ని తప్పి నడవడం మామూలే. కనుక నిపుణులు ధ్వనిని సాగదీసి విన్నారు, నీగన్ చూపు ఏ ఎత్తున వాలిందో కొలిచారు. మరికొందరు సెనోయాకే పయనమయ్యారు. ఏ నటుడు పనికి వస్తున్నాడు, ఎవడు రావడం మానుకొన్నాడు అని రోడ్ల ప్రక్కనుండి, చెట్ల చాటునుండి కనిపెట్టారు. రహస్యం దక్కించుకొనడానికి నిర్మాతలు ఒకరికి మించిన నటులతో మరణ దృశ్యాలు తీయించారు. 2016 జూన్‌లో సంస్థ మరొక అడుగు వేసింది: చిత్రీకరణ రహస్యాలను వెల్లడించే ఒక అభిమాన బృందానికి న్యాయవాదుల ద్వారా తాఖీదు పంపింది. హతుడెవరో తమ ఊహగా ప్రకటించినా, అది నిజమైతే కాపీహక్కును ఉల్లంఘించినట్లేనని, దావా తప్పదని దాని సారాంశం. బృందం వెనుకకు తగ్గింది.

న్యాయం ఎవరి ప్రక్కనున్నదో చెప్పడం కష్టం. చెట్టు చాటునుండి తొంగిచూసి తెలుసుకొన్నది ఊహ కాదు, దొంగచూపు. కాని ఆరు నెలలపాటు ‘ఊహించండి’ అని లోకాన్ని ఊరించి, సరిగ్గా ఊహించినవానిని కోర్టుకు లాగుతాననడం, జవాబు తెలిసీ చెప్పకుంటే తల వ్రక్కలవుతుందని బెదిరించి, చెప్పగానే చెట్టెక్కే బేతాళుని పద్ధతిని పోలి ఉన్నది.

అక్టోబరు 23 రాత్రి ఇద్దరు చనిపోయారు: మొదట అబ్రహాం, తరువాత గ్లెన్. పెట్టె క్రింది నుండి పాకి బయటపడిన గ్లెన్ ఏడాది తిరగకముందే అంతకంటె ఘోరంగా పోయాడు. ఆ రాత్రి అమెరికాలో 1 కోటి 70 లక్షల మంది చూశారు. ఆ సంఖ్య ఆ ధారావాహికకు మళ్ళీ రాలేదు. 2022లో చివరి భాగం ప్రసారపు రాత్రి చూసినవారు 23 లక్షలకు లోపే. కేబుల్ విడిచి ఇతర మార్గాలలో చూసేవారు పెరిగారన్నది నిజమే. కాని ఆ బ్యాటు దెబ్బతోనే తాము చూడడం మానుకొన్నామని చెప్పే అభిమానులు నేటికీ కోకొల్లలు.

సెనోయాలో ఒక్క మరణం మాత్రం కథలోనిది కాదు. 2017 జూలైలో, ఎనిమిదవ విడత చిత్రీకరణ జరుగుతుండగా, ఆ స్టూడియోలో ఒక స్టంట్ కళాకారుడు ఎత్తునుండి పడి, అట్లాంటా ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. అతని వయస్సు 33 ఏళ్ళు. చిత్రీకరణ నిలిపివేశారు. తరువాత అది కోర్టులకు వెళ్ళింది. ఎవరు చస్తారు, ఎవరు తప్పించుకొంటారని ఏళ్ళ తరబడి పందాలు వేసుకొన్న అభిమానులలో అనేకులు ఆ వారం ఆ కుటుంబానికి సంతాపాలు పంపడంలో గడిపారు.

రచయిత కర్క్‌మన్ తన బొమ్మల కథను 2019 జూలైలో 193వ సంచికతో చెప్పాపెట్టకుండా ముగించాడు. ఎవరూ ముందుగా పసిగట్టకుండా, రాబోవని తెలిసిన సంచికలకు కూడా ముఖచిత్రాలు తయారుచేయించి ప్రకటనలిప్పించాడు. నిపుణులందరూ ఓడిపోయిన సందర్భం అదే. వారిలో చాలామంది దానిని మెచ్చుకొన్నారు కూడా.

ఇప్పుడు సెనోయాలో మూతపడిన దుకాణాలు అరుదు. 2010 జనాభా లెక్కలలో 3,307 ఉన్న ఊరు 2020 నాటికి 5,016కు పెరిగింది. స్టూడియోను ఎ.ఎం.సి. సంస్థ 2017లో కొనుక్కొన్నది. వాకర్ల వేషాలు దిద్దిన గ్రెగ్ నికొటెరో, నటుడు నార్మన్ రీడస్ కలిసి ఊరిలో భోజనశాల పెట్టారు. మూలకథ ముగిసిన తరువాత పుట్టిన పిల్లకథలు న్యూయార్కులోను, ఫ్రాన్సులోను నడిచాయి. శవాలు ఊరు విడిచి వెళ్ళినా యాత్రికులు విడువలేదు. అట్లాంటా ఉత్తర శివార్లలో స్థిరపడిన తెలుగువారికి ఇది గంటకు పైబడిన కారు ప్రయాణం మాత్రమే.

మెయిన్ స్ట్రీట్ కాలిబాట మీద వినిపించే వాదాలలో అన్నిటికంటె మొండిది రిక్ కుమారుడు కార్ల్‌ను గురించినది. బొమ్మల కథలో అతడు పెరిగి పెద్దవాడై, చివరి సంచిక వరకు బ్రతికి ఉంటాడు. టెలివిజన్‌లో 2018లోనే మరణించాడు. తెరమీద కాటు చూపారు, సమాధి చూపారు. అయినా, తుపాకి ప్రేలిన క్షణంలో కెమెరా గది బయట ఉన్నది కదా అని గుర్తు చేసేవాడు గుంపులో ఒకడు తప్పక ఉంటాడు. వినేవారు నవ్వుతారు. నవ్వి, ఆ దృశ్యాన్ని మళ్ళీ ఒకసారి చూడాలనుకొంటారు.