మూడో రోజు

పక్షవాతం గురించి ఎవరు చెప్పినా మనిషి పడిపోయిన రోజు గురించే చెబుతారు. ఎన్ని గంటలకు పడ్డాడు, ఎవరు చూశారు, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు... కథంతా ఆ రోజు చుట్టూనే తిరుగుతుంది. మా ఇంట్లో అందరికీ గుర్తుండిపోయింది మాత్రం మూడో రోజు. నాన్నను ఆస్పత్రిలోనే ఉంచాలా, ఇంటికి తీసుకుపోవాలా అని మా వాళ్లు రెండుగా చీలిపోయిన రోజది.

నాన్న ఇరిగేషన్ శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యారు. బందరు కాలువ మీద 30 ఏళ్లకు పైగా తూములు ఎత్తడం, దించడం ఆయన పని. షుగరు వచ్చి అప్పటికి 14 ఏళ్లు. మాత్రలు వేసుకునేవారు. పెళ్లి భోజనాల్లో బూరెలూ వదిలేవారు కాదు.

2023 జనవరిలో ఒక తెల్లవారుజామున ఆయన కుడిచేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మూతి ఎడమపక్కకు లాగేసింది. మాట ముద్దగా వచ్చింది. అమ్మ వెంటనే గోడ గడియారం చూసింది. ఆరుంబావు. తమ్ముడు 108కి ఫోన్ చేశాడు. రెండు గంటలు తిరక్కుండానే విజయవాడలో ఒక ఆస్పత్రికి చేరాం.

సీటీ స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం లేదు, రక్తపు గడ్డ అడ్డుపడింది అన్నారు. షుగరు 312 ఉంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తామని, దానివల్ల కొందరికి మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం ఉందని చెప్పి సంతకం అడిగారు. అమ్మ పెట్టింది. సాయంత్రానికి నాన్న కుడిచెయ్యి మంచం మీంచి జానెడు ఎత్తు లేచింది. ‘నీళ్లు’ అన్నారు. ఆ రాత్రి మేమంతా కడుపునిండా తిన్నాం.

మూడో రోజు పొద్దున చూస్తే మనిషి మగతగా ఉన్నారు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నారు. లేచిన చెయ్యి మళ్లీ పడిపోయింది. ఇంకోసారి స్కాన్ తీసి, మెదడు వాచిందని, అక్కడక్కడా చిన్న చిన్న రక్తపు మచ్చలు కనిపిస్తున్నాయని చెప్పారు.

బాబాయికి కోపం ఆగలేదు. ‘వచ్చినప్పుడు మాట్లాడిన మనిషిని వీళ్లే పాడుచేశారు వదినా. ఆ ఇంజెక్షనే కొంప ముంచింది. డిశ్చార్జి చేయించి తీసుకుపోదాం. పావురం రక్తం రాస్తే లేచినవాళ్లు మనూళ్లోనే ఉన్నారు’ అన్నాడు. వరండాలో ఉన్న బంధువుల్లో సగం మంది తలలూపారు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. గడ్డ కరిగింది, రక్తం పారింది, మరి మనిషి ఎందుకు దిగజారినట్టు?

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. విసుక్కోకుండా అమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది.

‘అమ్మా, రక్తం అందని చోట మెదడు కణాలు కొన్ని అప్పుడే చచ్చిపోతాయి. వాటి చుట్టూ ఇంకా కొన ఊపిరితో ఉన్నవి చాలా ఉంటాయి. ఇంజెక్షన్ ఇచ్చింది వాటిని కాపాడటానికే. కానీ రక్తం తిరిగి వచ్చినప్పుడు దాంతోపాటు గొడవ కూడా వస్తుంది. ఆక్సిజన్ లేక దెబ్బతిన్న కణాలకు ఒక్కసారిగా ఆక్సిజన్ అందితే కణాన్ని కాల్చేసే పదార్థాలు పుడతాయి. తెల్లరక్తకణాలు అక్కడేదో పుండు పడిందనుకుని గుంపులుగా వచ్చి సన్నటి నాళాల గోడలకు అతుక్కుంటాయి. పెద్ద నాళం తెరుచుకున్నా ఈ సన్న నాళాలు పూడిపోతాయి. గోడలు పలచబడి నీరు, ఒక్కోసారి రక్తం కూడా బయటికి ఊరుతుంది. అదే వాపు. సాధారణంగా రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువగా ఉంటుంది.’

‘అందరికీ ఇంతేనా?’ అంది అమ్మ.

‘కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. షుగరున్న వాళ్లకు ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఏళ్ల తరబడి షుగరు వల్ల ఆ నాళాల లోపలి పొర ముందే గరుకెక్కి ఉంటుంది. పైగా ఆక్సిజన్ అందని చోట ఎక్కువ చక్కెర ఉంటే అది ఆమ్లంగా మారి కణాన్ని ఇంకా దెబ్బతీస్తుంది.’

అమ్మ కాసేపు ఆలోచించి అడిగింది. ‘అంటే బీటలు వారిన పొలానికి ఒక్కసారి తూము ఎత్తేస్తే గట్లు తెగినట్టా తల్లీ? ఈయన అందుకే కొంచెం కొంచెంగా ఎత్తేవారు.’

డాక్టరమ్మ నవ్వింది. ‘సరిగ్గా చెప్పారు. కానీ ఇక్కడ కొంచెం కొంచెంగా ఎత్తే వీల్లేదు. తెరవకపోతే పొలమంతా పోతుంది.’

ఆ మాటతో అమ్మ తేల్చేసింది. బాబాయి వైపు తిరిగి, ‘నువ్వు కూచో అబ్బాయ్. ఎక్కడికీ తీసుకెళ్లేది లేదు’ అంది.

నాకు మాత్రం ప్రశ్నలు తీరలేదు. తర్వాత నెలల్లో దొరికినవన్నీ చదివాను. పక్షవాతంలో చికిత్స అందకపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో అమెరికాలో ఒక నాడీవైద్యుడు లెక్కకట్టారు. ఈ ఇంజెక్షన్‌ను నిలబెట్టిన అమెరికా పరిశోధన 1995లో వచ్చింది. ఇంజెక్షన్ తీసుకున్న వాళ్లలో 100కి ఆరుగురికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించింది. అయినా మూడు నెలల తర్వాత చూస్తే, తీసుకోని వాళ్లకంటే వీళ్లకు తమ పనులు తాము చేసుకునేంతగా కోలుకునే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువగా ఉంది. అమ్మ సంతకం పెట్టింది ఆ లెక్క మీద.

మరి ఆ తెల్లరక్తకణాలను ఆపేస్తే పోదా? ఆపి చూశారు. అవి నాళాల గోడకు అతుక్కోకుండా చేసే మందు ఒకటి తయారుచేసి రోగులకు ఇచ్చారు. 2001లో వెలువడిన ఫలితాల్లో ఆ మందు తీసుకున్న వాళ్ల పరిస్థితే అధ్వాన్నంగా తేలింది. పాడైన కణాలను ఊడ్చి శుభ్రం చేసేది, తర్వాత మరమ్మతుకు సాయపడేది కూడా ఆ సైన్యమే కావడం ఇందులో చిక్కు.

షుగరునైనా ఒక్కసారిగా దించేయొచ్చు కదా అని అప్పట్లో తమ్ముడు నర్సుతో గొడవపడ్డాడు. నాన్నకు ఇన్సులిన్ ఇస్తూ 140-180 మధ్య ఉంచుతున్నారు. 100కి ఎందుకు తేరు అని వాడి వాదన. దానికి జవాబు 2019లో అమెరికాలో 1,100 మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధనలో దొరికింది. షుగరును గట్టిగా బిగించి 80-130 మధ్య ఉంచిన వాళ్లు, 180 దాటకుండా చూసిన వాళ్లకంటే మెరుగ్గా కోలుకోలేదు. పైగా కొందరికి షుగరు ప్రమాదకరంగా పడిపోయింది. మెదడుకు అతి చక్కెరా చేటే, చక్కెర లేకపోవడమూ చేటే.

తొమ్మిదో రోజుకు నాన్న కళ్లు తేటపడ్డాయి. పదహారో రోజున ఇంటికొచ్చారు. ఏడాది పాటు ఫిజియోథెరపీ చేయించాం. ఇప్పుడు చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తారు. కుడిచేత్తో ముద్ద కలుపుకుంటారు, చొక్కా గుండీలు మాత్రం అమ్మ పెట్టాలి. కొన్ని మాటలు రాలేదు. గుర్తురాని ప్రతి వస్తువునూ ‘తూము’ అంటారు. కళ్లజోడు తూమే, టీవీ రిమోటూ తూమే. మాకు అలవాటైపోయింది.

షుగరున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకు నాలుగు మాటలు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు గడియారం చూడండి. ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు, అదీ ఎంత ముందైతే అంత మేలు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తీగ పంపి బయటికి లాగే చికిత్స కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు. షుగరు బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉండొచ్చు కాబట్టి, మిషన్ ఉంటే 108 వచ్చేలోగా చూసి అంకె రాసిపెట్టండి. మింగలేని మనిషి నోట్లో నీళ్లూ, మాత్రలూ పోయొద్దు. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ అసలే వద్దు. ఏ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీస్తారో ఇవాళే కనుక్కోండి.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పనిది. మొదటి రోజు కాస్త తేరుకున్న మనిషి మూడో రోజు దిగజారవచ్చు. అప్పుడు వరండాలో సలహాలు చాలా వినిపిస్తాయి. డాక్టరును కూర్చోబెట్టి, స్కాన్‌లో ఏముందో, వాపు ఎంతుందో, షుగరు ఎంతలో ఉంచుతున్నారో అడగండి. అర్థమయ్యేదాకా అడగండి. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకోండి.