ప్లాట్‌ఫారం ఎవరిది?

మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ నడిచిన మనిషి మా అవ్వ. కూరగాయలకి, గుడికి, రేషన్ కొట్టుకి, అన్నిటికీ ఆమెకి కాళ్ళే బండి. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నా నడక మానేంత కాదు. అయినా ఏడాదిగా వీధి చివర దాటి ఒంటరిగా పోవడం లేదు. ఎందుకని అడిగితే, "నడవను నాకు కాళ్ళుండాయి, చోటే లేదు" అంటుంది.

మన చెన్నైలో ఫుట్‌పాత్‌ని ప్లాట్‌ఫారం అంటాం కదా. మా వీధి ప్లాట్‌ఫారం దాదాపు మోకాలెత్తు. ఎక్కితే పది అడుగుల్లో కరెంటు పెట్టె, దాని పక్కన బైకులు, ఆపైన ఎవరిదో గేటుకి కట్టిన వాలు. మళ్ళీ దిగాలి. ఇన్నిసార్లు ఎక్కి దిగడం కన్నా నయమని అందరం రోడ్డు మీదే నడుస్తాం. పోయినేడు అవ్వ అలా నడుస్తుంటే వెనకనించి బైకు తగిలి పడింది, మణికట్టు విరిగింది. బండి నడిపిన అబ్బాయి, "ఏం పాటీ, ప్లాట్‌ఫారం మీద నడవకూడదా?" అన్నాడట. విరిగిన చెయ్యి అతుక్కుంది గానీ ఆ మాట మాత్రం ఆమె మరిచిపోలేదు.

నిజానికి కొలతలు కాగితం మీద ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం నడిచే చోటు ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే రెండు చక్రాల కుర్చీలు ఎదురుబదురుగా దాటిపోవచ్చు. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, జానెడు కన్నా తక్కువ. మన కార్పొరేషన్ కూడా నడకకీ సైకిలుకీ పెద్దపీట వేస్తూ 2014లోనే ఒక విధానం తెచ్చింది.

అది వీధిలోకి దిగితే ఎలా ఉంటుందో చూడాలంటే పాండీ బజారుకి పోండి. మన పిట్టి త్యాగరాయ శెట్టి పేరున్న త్యాగరాయ రోడ్డే అది. 2019లో అక్కడ కార్ల దారి తగ్గించి నడక దారి బాగా వెడల్పు చేశారు. కూర్చోను బల్లలున్నాయి. అవ్వని ఒక సాయంత్రం తీసుకుపోయాను. నా చెయ్యి పట్టుకోకుండా పనగల్ పార్కు దాకా నడిచింది. పక్కనే ఒక తల్లి పసిపిల్ల బండి తోసుకుంటూ పోతోంది.

అంత పెద్ద ఏర్పాటు మా వీధికి అక్కర్లేదు. స్తంభాలూ చెట్లూ ఒక వరసలో, నడక ఒక వరసలో ఉంటే చాలు. మలుపుల్ని కాస్త ఇరుకు చేస్తే బండ్లు తమంతట నెమ్మదిస్తాయి. దాటే చోట రోడ్డునే ప్లాట్‌ఫారం ఎత్తుకి లేపితే అవ్వ దిగనక్కర్లేదు, కారే ఎక్కి దిగుతుంది. పూలమ్మే అక్కని మాత్రం తరిమెయ్యకూడదు, ఆమెకీ ఒక చోటు గీసి ఇవ్వాలి. రాత్రి ట్యూషన్ ముగించి బస్సు దిగే మనలాంటి ఆడపిల్లలకి ఆమె దీపం, ఆమె పలకరింపే ధైర్యం. ఖాళీ చేసిన వీధిలో నడక దారి ఎంత వెడల్పుంటే ఏం లాభం?

నేస్తాలూ, ఈ వారం ఒక పని చేద్దాం. మీ ఇంటినించి బస్టాపు దాకా ఎన్నిసార్లు ప్లాట్‌ఫారం ఎక్కారో, ఎన్నిసార్లు దిగారో లెక్కపెట్టండి. టేపుతో గట్టు ఎత్తు కొలవండి. వీధి పేరు, లెక్క రాసి ఈ కాగితం కింద అంటించండి. అన్నీ కలిపి మన వార్డు కౌన్సిలర్లకి అర్జీ రాద్దాం. మొదటి లెక్క మా వీధిది: ఎక్కింది పదకొండు సార్లు, దిగింది పదకొండు సార్లు. కొలిచింది నేను, లెక్కపెట్టింది మా అవ్వ.