రెండో తాళం ఎవరి దగ్గరుంది?

వాడిన కారు చూడ్డానికి వెళ్తే మగవాళ్లు బానెట్ ఎత్తి చూస్తారు, టైర్లు కాలితో తన్ని చూస్తారు, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో చూస్తారు. నేను తాళాలు అడుగుతాను. అదీ రెండు. కొత్త కారు కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు మామూలుగా రెండు తాళాలిస్తారు. కారు చేతులు మారేటప్పుడు ఆ రెండూ మన చేతికి రావాలి. ఒకటే వచ్చిందంటే రెండోది ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి దగ్గర ఉన్నట్టే. "పోయిందండీ" అని అమ్మేవాళ్లు తేలిగ్గా అనేస్తారు. తాళం కర్పూరమా, కరిగిపోవడానికి?

అద్దె ఇంట్లోకి మారగానే మనం చేసే మొదటి పని ఏమిటి? పాలు పొంగించడం కంటే ముందే గుమ్మానికి కొత్త తాళంకప్ప తగిలిస్తాం. పాత అద్దెవాళ్లు దొంగలని కాదు. మన పిల్లలు పడుకునే ఇంటి తాళం ఎన్ని చేతుల్లో ఉందో మనకి తెలియాలని. మరి లక్షలు పోసి కొనే కారు దగ్గరికొచ్చేసరికి ఆ ఇంగితం ఎందుకు పక్కన పెడతామో నాకర్థం కాదు.

మా అమ్మాయి ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తోంది. సినిమా వాళ్ల పనికి గడియారం ఉండదు. ఒక్కోరోజు రాత్రి పదకొండు దాటుతుంది. మేముండేది యూసుఫ్‌గూడలో. దూరం తక్కువే, కానీ ఆ వేళప్పుడు ఆటో కోసం ఆ ఎత్తుపల్లాల రోడ్డు మీద ఒంటరిగా నిలబడాలంటే ఇంట్లో నాకు నిద్ర పట్టదు. అందుకే చిన్న కారొకటి, వాడినదైనా ఫర్వాలేదు, కొందామనుకున్నాం.

ఇక్కడ కార్లకి కొదవేముంది? అక్కినేని నాగేశ్వరరావు గారు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టినప్పుడు ఈ వైపంతా గుట్టలూ బండరాళ్లేనని పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ గేటు ముందు చూసినా రెండు మూడు కార్లుంటాయి. సినిమా ఆడితే కొత్త కారొస్తుంది, ఆడకపోతే పాత కారు పోతుంది. ఇంకో సంగతి, ఇక్కడ కారు ఓనర్‌దే అయినా తాళం ఉండేది డ్రైవర్ జేబులో. టీ బండి దగ్గర గుంపుగా నిలబడి వేలికి తాళం తిప్పుకుంటూ కబుర్లు చెప్పుకునే వాళ్లని చూడండి, వాళ్లలో ఒక్కరూ కారు సొంతదారు కారు.

మాకు నచ్చిన కారు సినిమాల్లో ప్రొడక్షన్ పనులు చూసే ఒకాయనది. ఇల్లు ఫిల్మ్‌నగర్ దైవ సన్నిధానం గుడికి దగ్గర్లో. కారు శుభ్రంగా ఉంది, ధరా కుదిరింది. తాళాలు అడిగితే ఒకటే తెచ్చారు. "రెండోది మా పాత డ్రైవర్ పట్టుకుపోయుంటాడు, మూడు నెలలైంది వాడు మానేసి" అన్నారు ఆయన. పక్కనే ఉన్న ఆవిడ "వాడేలెండి, ఇంకెవరు తీస్తారు?" అని ఖాయం చేసేశారు.

మావారు నన్ను పక్కకి పిలిచి, "తాళం కోసం మంచి బేరం పోగొట్టుకుంటామా? ఓ మూడు వేలు తగ్గించమందాం" అన్నారు. అమ్మేవాళ్లు కూడా వెంటనే ఒప్పుకున్నారు. నేనొప్పుకోలేదు. మూడు వేలు తగ్గితే మూడు వేలు మిగులుతాయి గానీ, రాత్రి స్టూడియో బయట ఆగి ఉన్న మా అమ్మాయి కారు రెండో తాళం ఎవరి దగ్గరుందో తెలియదు కదా.

ఇప్పటి కారు తాళం సంగతి కొంచెం తెలుసుకుంటే మంచిది. చిన్నప్పుడు "తాళంచెవి" అనే మాటకి నవ్వుకునేవాళ్లం, తాళానికి చెవేమిటని. ఇప్పటి కార్లకి నిజంగానే చెవులొచ్చాయి. తాళం తలలో చిన్న చిప్ ఉంటుంది. దానిలోని సంకేతాన్ని కారు వింటుంది, తనకి తెలిసిన సంకేతమైతేనే ఇంజిన్ స్టార్ట్ కానిస్తుంది. ఇనుప ముక్క ఎంత సరిగ్గా సరిపోయినా సంకేతం కలవకపోతే బండి కదలదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. రిమోట్ బటన్లు పనిచేయడానికి లోపల బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది వేరే సంగతి. అందుకే రోడ్డు పక్కన తాళాలు చేసే అతను ఇనుప ముక్కని అచ్చంగా కోసిచ్చినా పని సగమే అవుతుంది. చిప్‌లోని సంకేతాన్ని కారుకి పరికరంతో పరిచయం చేయాలి.

ఇక్కడే ఒక మేలుంది. పరిచయం చేసినట్టే మరిచిపోయేలా కూడా చేయొచ్చు. కారు గుర్తుపెట్టుకున్న పాత తాళాలన్నిటినీ చెరిపేసి, మన చేతిలో ఉన్నవాటినే మళ్లీ నమోదు చేస్తారు. పోయిన తాళం ఎవరికి దొరికినా దాంతో ఇంజిన్ స్టార్ట్ కాదు.

ఆ సాయంత్రం వాచ్‌మన్ ఫోన్ చేస్తే ఆ డ్రైవరే వచ్చాడు, ఇప్పుడు పక్క వీధిలోనే వేరే ఇంట్లో చేస్తున్నాడట. గేటు దాటి లోపలికి రాలేదు. "అమ్మా, నేను బంద్ చేసిన రోజే టీవీ కాడ పెట్టి పోయిన. కావాలంటే మా రూముకొచ్చి చూసుకోండ్రి" అన్నాడు నాతో. నేనడిగిందేమీ లేదు, అయినా నాతో అన్నాడు, ఇంటివాళ్ల మొహం చూడలేక. ఆరేళ్లు వాళ్ల పిల్లల్ని బడికి తీసుకెళ్లి తీసుకొచ్చిన మనిషి. అతను చెప్పింది నిజమో కాదో నాకు తెలిసే దారి లేదు. ఆ ఇంటివాళ్లకీ లేదు. కానీ మన ఇళ్లలో ఏది కనపడకపోయినా మొదట వినపడే పేరు పనిమనిషిదో డ్రైవర్‌దో. గాజు పోయినా, గ్లాసు పోయినా అంతే. తర్వాత ఆ వస్తువు బీరువా వెనక దొరికితే, పడ్డ మాటని వెనక్కి తీసుకునేవాళ్లు ఎంతమంది?

నేను ఇంటివాళ్లకి ఒకటే చెప్పాను: "ఎవరు తీశారన్నది నాకక్కర్లేదండీ. పాత తాళం చెల్లకుండా చేయించి, కొత్తది ఇప్పించండి. అప్పుడే మిగతా డబ్బు." ఇది వాళ్ల పేరు మీద ఉండగానే అవ్వాలి. సర్వీస్ సెంటర్లో ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపించమంటారు. ఆర్‌సీ వాళ్లది కాబట్టి వాళ్లు వస్తేనే పని తేలిక. ఖర్చు 9,400 అన్నారు. సగం సగం అని తేలింది. మావారు గొణిగారు, కానీ ఇచ్చారు.

కొత్త తాళం తెప్పించడానికి పది రోజులు పట్టింది. మెకానిక్ స్టీరింగ్ కింద ఒక సాకెట్‌కి పరికరం తగిలించి తెర నాకు చూపించాడు. కారుకి రెండు తాళాలు గుర్తున్నాయి. రెండిటినీ చెరిపాడు. ఉన్నదాన్ని, కొత్తదాన్ని నమోదు చేశాడు. మళ్లీ రెండు చూపించింది. "పాత తాళం ఇనుప ముక్కతో తలుపు తెరుచుకోవచ్చు మేడం, బండి మాత్రం స్టార్ట్ కాదు. తలుపు కూడా వద్దంటే లాక్ సెట్టే మార్చాలి" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. కారులో ల్యాప్‌టాప్, బ్యాగు వదలకూడదని అమ్మాయికి అక్కడికక్కడే చెప్పాను. పాత తాళం తొలగించినట్టు జాబ్ కార్డు మీద రాయించుకుని ఫొటో తీసుకున్నాను. ఆ ఫొటో ఆ డ్రైవర్‌కి వాట్సాప్‌లో పంపాను, "ఇక ఆ తాళం ఎక్కడున్నా ఒకటే, దాని గురించి మిమ్మల్ని ఎవరూ అడగరు" అని రాసి. రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది, అంతే.

మీలో ఎవరైనా కారు కొనబోతుంటే ఇంకో రెండు మాటలు. రెండో తాళం లేదంటే ఆ కారు మీద అప్పుందేమో కూడా చూడండి. అప్పిచ్చిన వాళ్లలో కొందరు రెండో తాళం తమ దగ్గరే పెట్టుకుంటారు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే ముందుకెళ్లండి. పేరు మార్పుకి ఫారం 29, 30 కావాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా ఆర్టీఏకి తెలియజేయాలి, బీమా మన పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోగా కంపెనీని అడగాలి. కారు దొంగతనం అయిందని బీమా డబ్బు అడిగితే సాధారణంగా ఎఫ్ఐఆర్‌తో పాటు తాళాలన్నీ అప్పగించమంటారు. ఒకటే ఉందంటే రెండోది ఏమైందని ప్రశ్నలు మొదలు. కాబట్టి పోయిన తాళానికి పోలీసు ఫిర్యాదు కాపీ, కొత్తదానికి బిల్లు దాచుకోండి. తాళంతో పాటు చిన్న రేకు మీద నంబరు వస్తే దాన్ని తాళం గుత్తికే వేలాడదీయకండి, విడిగా పెట్టండి.

పేరు మారాక శుక్రవారం నాడు పెద్దమ్మ గుడికి వెళ్లాం, వాహన పూజకి. కొత్త కారైనా పాత కారైనా ఈ చుట్టుపక్కల వాళ్లం ముందు అమ్మవారి దగ్గరికే తీసుకెళ్తాం. పూజారి గారు తాళం ఇమ్మన్నారు. మా అమ్మాయి తన చేతిలోది ఇచ్చింది. నేను పర్సులోంచి రెండోది తీసి పళ్లెంలో దాని పక్కనే పెట్టాను. ఆయన రెండిటికీ కుంకుమ బొట్టు పెట్టారు.