కారణం తెలిసేదాకా ఆగాలా?

మా ఆమదాలవలస స్టేషన్ బోర్డు మీద ఉండే పేరు శ్రీకాకుళం రోడ్. పలాస వైపు నుంచి విశాఖ పోయే బండ్లలో చదువులకెళ్లే మాబోటివాళ్లతో పాటు ఉద్దానం రోగులూ ఉండేవారు. ఒళ్లో రిపోర్టుల సంచీ, కాళ్లకు వాపు.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కొబ్బరికీ జీడికీ పేరుపడ్డ ఆ నేలలో కష్టజీవుల కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. నీరా, ఎండా, మరొకటా అన్నది చర్చ. శ్రీలంక వరి రైతులదీ, నికరాగ్వా చెరకు కూలీలదీ ఇలాంటి కథే.

అందాకా చేతులు ముడుచుకు కూర్చోవాలా? 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు దాని క్రిమి సంగతి లోకానికి తెలియదు. అయినా జాన్ స్నో మాట విని వీధి పంపు పిడి ఊడదీశారు. నికరాగ్వాలో కొన్నిచోట్ల చెరకు కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేశారు. మన పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి మళ్లించారు. సంతోషమే.

కానీ ఈ జబ్బు ముదిరేదాకా నొప్పి చెప్పదు. నా బెంచీ మిత్రుడి తండ్రికి సంగతి తెలిసేసరికే డయాలసిస్ దాకా వచ్చింది. ఊళ్లోనే ఏటా క్రియాటినిన్ పరీక్ష జరిగివుంటే ముందే పట్టుబడేది. ఆ పరీక్ష ప్రతి పల్లెకూ రావాలని అడగాల్సింది చదువుకున్న మనమే. సెలవులకు ఊరెళ్లినప్పుడు కనీసం మన ఇంట్లోవాళ్లకైనా చేయిద్దాం.