ఆకురాయి నేర్పిన పాఠము

నా శిష్యుడొకడు పదవ తరగతి ముగించి, ఫిట్టరు పని నేర్చుకొనుటకై నిరుడు ఒక కర్మాగారమున అప్రెంటిసుగా చేరెను. మహాయంత్రముల నడుమ మెలగుదునని తలచి వెళ్లినవానికి మొదట దొరికినవి వైసు, ఆకురాయి, ఒక ఇనుపముక్క మాత్రమే. దినమెల్ల నిలుచుండి దానిని అరగదీయుటయే పని. అరచేతులు బొబ్బలెక్కెను. "మాస్టరుగారూ, ఇంటికి తిరిగి వచ్చెదను, మీరేమందురు?" అని వాడు నాకు వ్రాసెను. 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టముచే లభించు భృతిలో కొంత తల్లికి పంపుచున్న బిడ్డకు ఆ మాట వ్రాయుట సులభము కాదు.

నేను సెలవుదినమున వెళ్లి వానిని చూచితిని. ఆకురాయి ముందుకు త్రోయునప్పుడే కోయును. వెనుకకు తీయునప్పుడు బరువు వేయరాదు. చేతులు ఊగినచో ముక్క నడుమ ఉబ్బి అంచులు వాలును. కంటికి సమముగానే తోచును గాని, మూలమట్టము నానించి వెలుతురునకు ఎత్తి పట్టినచో సందున వెలుగు కనబడును. వెర్నియరు కాలిపరు మిల్లీమీటరులో 50వ వంతు తేడాను సైతము పట్టి చూపును. మితిమీరి అరిగిన లోహము మరల పెరుగదు.

ఉండుమనిగాని రమ్మనిగాని నేను చెప్పలేదు. ఎన్ని ముఖములు కుదిరినవని మాత్రము అడిగితిని. "ఆరింట రెండు. మూడవది కుదిరిన పిమ్మట ఆలోచింతును" అనెను.

విద్యార్థులారా, వాడిప్పటికిని అచ్చటనే యున్నాడు. మొదటి యేడు చేతికి పనిని, కంటికి సత్యమును నేర్పును. ఆ వెలుగు ఎవరి మాటను బట్టియు మారదు.