విజయనగరంలో రెండు బళ్ళు

విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగిందంటారు. ఆ ఏడు విజయ నామ సంవత్సరం; తిథి విజయదశమి; వారం జయవారమని పేరున్న మంగళవారం; ప్రభువు పేరు విజయరామరాజు; ఊరి పేరు సరేసరి. ఐదు విజయాలు ఒక్కచోట కలిసిన ఊరని అక్కడివారు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం వింటున్నప్పుడే, కోటకు కూతవేటు దూరంలో ఉన్న బొంకులదిబ్బ కూడా గుర్తుకు రావాలి. గురజాడ తన ‘కన్యాశుల్కా’న్ని ప్రారంభించింది అక్కడే. తన గొప్పలను తానే చూసి నవ్వుకోగల ఊరు మరొకటి నాకింతవరకు తటస్థపడలేదు.

2003లో నేను ఆ ఊరు చేరేసరికి నా చేతిలో ఒక ఇంగ్లీషు ఎం.ఏ. పట్టా, ఒక పాత వయొలిన్ ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పరిశోధనకు పేరు నమోదైంది గాని, ఉపకార వేతనం మాత్రం రాలేదు. అందుచేత ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో గంటల లెక్కన ఇంగ్లీషు పాఠాలు చెప్పటానికి ఒప్పుకున్నాను. చెప్పిన గంటకే జీతం. దసరాకు, సంక్రాంతికి, వేసవికి కళాశాలకు సెలవులు. మా జీతానికి కూడా సెలవులే. అయ్యకోనేరు గట్టుకు దగ్గరగా మేడమీద ఒక గది దొరికింది. వయొలిన్ మోగితే అభ్యంతరమా అని ఇంటావిడను ముందే అడిగాను. “ఈ ఊళ్ళో అది మోగని వీధి ఎక్కడుంది బాబూ!” అన్నదామె. అంతవరకు బాగానే ఉంది గాని, నా సాధన వినటం మొదలుపెట్టిన నెలకు, తెల్లవారి అయిదు గంటలకు బదులు ఆరింటికి మొదలుపెడితే పుణ్యముంటుందని కబురు పంపింది.

అలా ఆరింటికి సరళీ వరుసలతో రోజు మొదలయ్యేది. తొమ్మిదిన్నరకు కళాశాల, సాయంకాలం గురువుగారి ఇల్లు, రాత్రి పరిశోధన. వారానికి ఒకటి రెండు రోజులు విశాఖపట్నం వెళ్ళి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. రెండు ఊళ్ళకూ మధ్య సుమారు 60 కిలోమీటర్లు. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస - పాసెంజరు బండి ప్రతి స్టేషనునూ పేరుపేరునా పలకరిస్తూ పోయేది. కూరగాయల గంపల నడుమ నిలబడి నేను చదివినన్ని పుస్తకాలు గ్రంథాలయంలో కూర్చుని చదివానో లేదో సందేహమే.

విజయనగరంలో సంగీతాభిమాని ఎవరైనా మొట్టమొదట చూడవలసింది సంగీత కళాశాల. 1919 ఫిబ్రవరి 5న అది విజయరామ గాన పాఠశాల అనే పేరుతో వెలిసింది. మహారాజు కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడు. ఆ పిల్లవానికి సంగీతం నేర్పించాలన్న తలంపు నుండి పుట్టిన బడి అది. ఒక్క పిల్లవాని కోసం మొదలై నూరేళ్ళు దాటి నిలిచిన పాఠశాలలు మన దేశంలో ఎన్ని ఉంటాయి? తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాదనం విని, ఆయనను అక్కడే వయొలిన్ ఆచార్యునిగా నియమించారని చెబుతారు. దాసుగారి తరువాత 1936లో అధ్యక్ష పదవి కూడా నాయుడుగారినే వరించింది. ఘంటసాల ఇక్కడ చదువుకున్న రోజుల్లో జోలె పట్టి మధుకరంతో కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా పుచ్చుకోకుండా ఆయనకు పాట నేర్పారు. ఈ కథలన్నీ మనం ఎరిగినవే. కాని ఆ వీధుల్లో నడుస్తూ, ఏ అరుగు మీద ఏ ఇల్లాలు ఆ జోలెలో అన్నం వేసిందో అనుకుంటుంటే వాటి బరువు వేరుగా ఉంటుంది.

నా పరిశోధన కూడా దాసుగారి చుట్టూనే తిరిగింది. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలకు ఇంగ్లీషులో 1859లో ఫిట్జెరాల్డ్ చేసిన అనువాదం లోక ప్రసిద్ధం. మనవారిలో అనేకులకు ఖయ్యామ్ పరిచయమైంది ఆ ఇంగ్లీషు ద్వారానే. దాసుగారు అంతటితో తృప్తి పడలేదు. పారశీకం నేర్చుకుని, ఆ మూలాన్నీ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషునూ రెండింటినీ వేర్వేరుగా సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి దించి, పక్కపక్కన నిలిపి 1932లో ప్రకటించారు. ఇంగ్లీషు కవి మూలానికి ఎంత దూరం నడిచాడో పాఠకుడే తేల్చుకోవచ్చు. అనువాదాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా పరీక్షకు పెట్టిన గ్రంథం నాకు మరొకటి తెలియదు. అచ్చ తెలుగు మాటల కోసం ఆయన పడిన పట్టుదల వల్ల కొన్ని పద్యాలకు నిఘంటువు లేనిదే అర్థం తెగదన్న మాట కూడా నిజమే. ఆ ఇబ్బంది దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’లో లేదు.

ఒక సాయంకాలం ఆ పద్యాల్లో ఒకటి గురువుగారికి చదివి వినిపించాను. ఆయన ఇంగ్లీషు చదువుకోలేదు. కళ్ళు మూసుకుని విని, “నువ్వు కామాల దగ్గర ఆగుతున్నావయ్యా. ఆయన ఊపిరి అక్కడ లేదు. మళ్ళీ చదువు” అన్నారు. నాలుగుసార్లు చదివించారు. నాలుగోసారికి, అర్థం కాక నేను వారం రోజులుగా కుస్తీ పడుతున్న సమాసం దానంతటదే విడిపోయింది. వయొలిన్‌లో కూడా ఆయన పోరు ఇదే. కమాను నిడివిగా లాగాలి. స్వరానికొక విరుపు విరిస్తే పాట ముక్కలవుతుంది. నాయుడుగారి బాణీ అది. ఈనాడు వాక్యం అనువదించేటప్పుడు నేను ముందు చూసేది దాని ఊపిరినే; తరువాతే మాటలను.

ఇక నా ఇంగ్లీషు తరగతి. పాఠ్యగ్రంథంలో థామస్ గ్రే రాసిన ఎలిజీ ఉండేది. ఇంగ్లీషు పద్యపాదంలో ఊనిక లేని అక్షరం, ఊనిక ఉన్న అక్షరం జంటగా అయిదుసార్లు వస్తాయని బల్ల మీద రాసి చూపేవాణ్ణి. తెలుగు పద్యం చదువుకున్న పిల్లలకు ఇది కొరుకుడుపడేది కాదు. మన గురులఘువులు పలికే కాలాన్ని బట్టి ఏర్పడేవి. ఇంగ్లీషువారిది గొంతు వేసే బరువును బట్టి. చివరి బెంచీ మీద కూర్చునే ఒక కుర్రవాడు మాత్రం నేను చదువుతుంటే వేళ్ళతో బెంచీని తాకుతూ, “త ధీం, త ధీం” అని అయిదుసార్లు మెల్లగా అనుకున్నాడు. మిగతావారు నవ్వారు. “ఖండగతి కదా మాస్టారూ!” అన్నాడతడు. ఆ ఏడాది మొత్తం మీద ఆ తరగతిలో ఆ పద్యం గురించి వినబడ్డ అత్యుత్తమమైన మాట అదే.

అతడు గజపతినగరం వైపు ఒక పల్లెవాడు. మేళగాళ్ళ కుటుంబం, తండ్రిది సన్నాయి, ఇతడిది డోలు. పొద్దుట డోలు విద్య, పగలు బి.ఏ. అంతకుముందే రెండుసార్లు ఇంగ్లీషు తప్పాడు. ఇంకొక్కసారి తప్పితే చదువు కట్టిపెట్టి మేళంలో ఉండిపొమ్మని తండ్రి తీర్మానం. తండ్రిని తప్పు పట్టలేము. డోలు లేని మేళాన్ని ఎవరు పిలుస్తారు? ఆ ఇంట అందరి అన్నమూ ముహూర్తాల మీదనే ఆధారపడి ఉన్నది. పరీక్షలు పెట్టేవారికి పంచాంగంతో పని లేదు. పెళ్ళిళ్ళవారికి పరీక్షలతో పని లేదు. ప్రతి ఏడూ రెండూ ఒకే నెలల్లో వచ్చి పడతాయి.

మూడు నెలలు ఆ అబ్బాయి సాయంకాలం నాతోపాటు గురువుగారి ఇంటికే వచ్చేవాడు. నా పాఠం అయ్యాక అతడి ఇంగ్లీషు పాఠం. గురువుగారు పక్కనే కూర్చుని వినేవారు. వ్యాసం కంఠస్థం చేయించటం నాకు సుతరామూ ఇష్టం లేదు. కాని వాక్యాన్ని తాళంలో పెడితే అతడు మరిచిపోడని తేలింది. జతులు లెక్క తప్పకుండా గుర్తుంచుకునేవాడికి నాలుగు పేజీలు ఒక లెక్కా? కంఠస్థమైన తరువాత అర్థం నిదానంగా వచ్చి చేరింది. సంగీతంలో కూడా చదువు అలాగే కదా సాగుతుంది.

తీరా పరీక్ష తేదీ వచ్చేసరికి ముందురోజు రాత్రి పెళ్ళి. సంచకారం ఎప్పుడో పుచ్చుకున్నారు. వేరే డోలు కోసం తండ్రి మూడు ఊళ్ళు తిరిగాడు. ఆ ముహూర్తానికి ఖాళీగా ఉన్న చెయ్యి దొరకలేదు. మానేయమని తండ్రీ అనలేదు, వెళ్ళవద్దని నేనూ అనలేకపోయాను. “వాయించి వస్తాను మాస్టారూ” అన్నాడు కుర్రవాడు. తెల్లవారుజాము ముహూర్తం. నేను ఎనిమిది గంటల నుండి పరీక్ష కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టటానికి అయిదు నిమిషాల ముందు పాలబండి వెనుక కూర్చుని దిగాడు. నుదుట గంధం అలాగే ఉంది. కుడిచేతి వేళ్ళకు రాత్రంతా తొడుగులు బిగించిన గుర్తులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కలం పట్టుకోగలవా అని అడిగాను. సమాధానం చెప్పటానికి కూడా ఆగకుండా లోపలికి పరుగెత్తాడు.

బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. ఫలితాలు పేపరులో పడిన సాయంకాలం తండ్రి గురువుగారి ఇంటికి వచ్చి, నా చేతిలో ఒక అరటి గెల పెట్టి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాడు. గురువుగారు లోపలి నుండి వయొలిన్ తెచ్చి, “ఏదీ, ఆ ఇంగ్లీషు ఖండగతి వాయించు, చూద్దాం” అన్నారు. మోహనలో ఆయన అల్లుతూ పోతుంటే డోలు దద్దరిల్లింది. పక్కింటివారు పెళ్ళెవరిదని అడగటానికి వచ్చి, వినటానికి నిలబడిపోయారు.

నా పరిశోధన 2007లో పూర్తయింది. ఇప్పుడు హైదరాబాదులో అనువాదాలు చేసుకుంటూ ఉన్నాను. గురువుగారు లేరు. ఏడాదికొకసారి విజయనగరం వెళ్ళినప్పుడు గంటస్తంభం మీదుగా నడిచి సంగీత కళాశాల దాకా వెళ్ళి వస్తాను. శ్రుతి సరిగా కుదరని కొత్త పిల్లల వయొలిన్లు వీధిలోకి వినబడుతూనే ఉంటాయి.

డోలు కుర్రవానికి ఇప్పుడు నలభై దగ్గర పడ్డాయి. తన పల్లెలోనే పిల్లలకు డోలు చెబుతూ మేళం నడుపుతున్నాడు. ఈ ఏడు మాఘం నుండి వైశాఖం దాకా ఖాళీ లేకుండా పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడట. ఒక్క వారం మాత్రం, మంచి ముహూర్తాలు ఉన్నా, ఎవరెంత ఇస్తామన్నా సంచకారం ముట్టుకోలేదు. శిష్యుల్లో ఇద్దరికి పదో తరగతి పరీక్షలు.